నోట్లో ఎర్ర తాళంచెవి

అజ్మాన్‌లో మా గదిలో ఉన్న ఫ్రిజ్ నాకంటే ముందే ఈ దేశం వచ్చింది. ఎన్ని చేతులు మారి మా దాకా వచ్చిందో తెలియదు. పై అరలో మంచు పేరుకుపోయి, చేపల పొట్లం పెట్టడానికి కూడా చోటుండదు. మొన్నొక సెలవు రోజున ప్లగ్గు పీకి, లోపల వేడినీళ్ళ గిన్నె పెట్టి, చెక్క గరిటెతో ఆ మంచు గీకుతున్నాను. నాతో గదిలో ఉండే అమ్మాయి నవ్వింది. "స్విచ్చి కట్టేస్తే చాలదా అక్కా, ప్లగ్గు కూడా పీకాలా" అంది. చాలదన్నాను. ఎందుకు చాలదో చెప్పేలోగా ఫోన్ మోగింది. దుబాయ్‌లో నాతో పనిచేసే నేపాలీ తమ్ముడు. "దీదీ, కాకా గుజర్ గయే" అన్నాడు. కాకా పోయాడట.

కరెంటు పూర్తిగా తీయనిదే దేంట్లోనూ చెయ్యి పెట్టకూడదన్న భయం నాకు కాకా పెట్టిన భిక్ష. గరిటె పట్టుకునే కూర్చుండిపోయాను. గిన్నెలో నీళ్ళు చల్లారిపోయాయి.

కాకా మా ఎవరికీ చుట్టం కాదు. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె, నాది అమలాపురం వైపు. మా ఊళ్ళో అయితే బాబాయ్ గారూ అనేదాన్ని. కానీ నేను చేరేనాటికే ఆయన నేపాలీలకి కాకా, ఫిలిప్పీన్ అమ్మాయిలకి కాకా, మా ముదీర్‌కి కూడా కాకా. మేనేజరు స్థాయి మనిషి కాకా అని పిలుస్తుంటే నేను వరసలు దిద్దడమేంటని నేనూ అదే పిలుపు పట్టుకున్నాను. ఆయన మాత్రం నన్ను మొదటి రోజు నుంచీ బిడ్డా అనే అన్నాడు.

మేం పనిచేసింది ఒక మాల్‌లోని మంచు హాలులో. బయట ఎండకి కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, లోపల పిల్లలు మంచులో దొర్లుతుంటారు. నేను కోట్ల కౌంటర్‌లో ఉండేదాన్ని. వచ్చినవాళ్ళకి కోట్లు, బూట్లు, చేతి తొడుగులు ఇవ్వడం, వెళ్ళేటప్పుడు తీసుకోవడం నా పని. కాకాది మంచు పని. రాత్రంతా పైకప్పు గొట్టాల నుంచి మంచు రాలి, పొద్దునకి గొట్టాల కిందే కుప్పలు పడి ఉంటుంది. తలుపులు తెరిచేలోగా ఆ కుప్పలన్నీ పిల్లలు జారే వాలు మీదికి చేర్చాలి.

దానికొక యంత్రం ఉండేది. పెద్ద యంత్రం మా హాలులో పట్టదని, చలిదేశాల్లో ఇంటివాళ్ళు తమ వాకిట్లో మంచు తోసుకునే చిన్న రకం కొన్నారు. తోపుడు బండిలా వెనక నిలబడి నడపాలి. ముందు పిండిమర నోరంత నోరు, అందులో ఉక్కు మర తిరుగుతూ మంచును లోపలికి లాక్కుంటుంది. వెనకున్న రెక్కలు దాన్ని పైకి తిరిగిన గొట్టంలోంచి దూరంగా విసిరేస్తాయి. పిడికి ఆనుకుని ఒక మీట. నొక్కి పట్టుకుంటే తిరుగుతుంది, వదిలేస్తే ఆగిపోతుంది. బ్యాటరీతో నడిచేది. ఎర్ర ప్లాస్టిక్ తాళంచెవి ఒకటి పెడితేగాని అసలు ప్రాణం రాదు.

దాంతోపాటు వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. కాకా దాన్ని టీ గదికి తెచ్చి నాచేత చదివించుకునేవాడు. ఇళ్ళవాళ్ళ కోసం రాసిన పుస్తకం కదా, అందులో అన్నీ ఇంటి సంగతులే. మంచు పడకముందే మీ వాకిట్లోని కాళ్ళు తుడుచుకునే పట్టాలు, బొమ్మలు, కుక్క గొలుసులు ఏరివేయండి అని ఉంది. నేను నవ్వుతూ చదివాను. ఆయన నవ్వలేదు. మర్నాటి నుంచి మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టి, హాలు ఆ చివర నుంచి ఈ చివరిదాకా కళ్ళు నేలకేసి నడిపించాడు. పసిపిల్లల పాలపీకలు, చేతి తొడుగులు, ఒకసారి ఎవరిదో కట్టుడు పళ్ళ సెట్టు దొరికాయి. మంచును పక్కింటివాళ్ళ మీదికి విసరకూడదని ఇంకో చోట ఉంది. "మనకు పక్కింటోళ్ళెవరు బిడ్డా" అని చాలాసేపు ఆలోచించి, అద్దం గోడకి అవతల కాఫీ షాపువాళ్ళే పక్కింటివాళ్ళని తేల్చాడు. ఆ రోజు నుంచి గొట్టం మూతి ఎప్పుడూ అద్దం వైపు తిప్పలేదు. ఎదురొచ్చినప్పుడల్లా ఆ కాఫీ షాపు అమ్మాయికి సలాం కూడా పెట్టేవాడు.

యంత్రం కింది అంచు నేలమీది రబ్బరు పరుపుకి తగలకుండా పక్కల ఉన్న కాళ్ళను సరిచేసుకోవాలి. ఎంత ఎత్తు పెట్టాలో ఆయనకి ఒక అరిగిపోయిన హవాయి చెప్పు చెప్పేది. ఆ చెప్పు అట్ట అంచు కింద దూర్చి, అది కదలకుండా ఇరుక్కుంటే సరిగ్గా ఉన్నట్టు. యంత్రాన్ని వేడిగా ఉన్న సామాన్ల వరండాలోంచి నేరుగా మంచులోకి తోస్తే లోపల చెమ్మపట్టి, ఆ చెమ్మ గడ్డకట్టి, రెక్కలు బిగుసుకుపోతాయి. ఎండదేశం వాళ్ళం కాబట్టి మాకే వచ్చే తంటా ఇది, పుస్తకంలో లేదు. అందుకని దాన్ని ముందు మధ్య గదిలో నిలబెట్టి, పక్కనే కూర్చుని టీ తాగేవాడు. "దానికి జర చలి అలవాటు గానీయాలె" అనేవాడు. పని అయ్యాక ఖాళీగా కాసేపు తిప్పి, గొట్టంలో మిగిలిన మంచంతా కక్కించి, పొడిగుడ్డతో తుడిచిగాని పక్కన పెట్టేవాడు కాదు. ఆ తుడుపుడు చూస్తే నాకు ఒళ్ళు మండేది. అక్కడ జనం క్యూ కట్టి ఉంటే ఈయన బర్రెను కడిగినంత నింపాదిగా తుడిచేవాడు.

నేను చేరిన కొత్తలోనే ఆయన చేతిలో దెబ్బ తిన్నాను. తడి మంచు గొట్టంలో ఇరుక్కుని యంత్రం ఆగిపోయింది. పక్కనే ఉన్నాను, సాయం చేద్దామని గొట్టంలోకి చెయ్యి పెట్టబోయాను. చేతిలో ఉన్న కర్రతో మణికట్టు మీద ఒక్కటి వేశాడు. నాకు కోపం వచ్చింది.

"ఆగిపోయింది కదండీ కాకా. తిరగట్లేదు కదా."

"ఆగింది, సావలేదు" అన్నాడు. తాళంచెవి పీకి పళ్ళ మధ్య పెట్టుకుని, అదే కర్రను గొట్టంలో పెట్టి మంచుగడ్డను కదిలించాడు. గడ్డ వదలగానే తాళంచెవి లేకుండానే రెక్క ఒక్క ఊపున గిర్రుమంది. కర్ర చివర చీలి పేలికలైంది. బెల్టులో బిగువు మిగిలిపోయి ఉంటుందట. నేను నా వేళ్ళు చూసుకున్నాను. కాకా నన్నేమీ తిట్టలేదు. తిట్టడానికి నోట్లో తాళంచెవి ఉంది.

అదొక విడ్డూరం. యంత్రం మీద చెయ్యి వేసినంతసేపూ ఆ ఎర్ర తాళంచెవి ఆయన పళ్ళ మధ్యే ఉండాలి. జేబులో పెడితే మరొకడు తీసుకోవచ్చు, బల్ల మీద పెడితే తెలివైనవాడెవడో తెచ్చి తగిలించవచ్చు, నోట్లోంచి ఎవడు లాగుతాడు అనేవాడు. అలా మాట్లాడలేని సమయంలోనే మేం తప్పులు చేసేవాళ్ళం. ఊఁ ఊఁ అంటూ కనుబొమలతో కోప్పడేవాడు. ఆ మూలుగుల్లో ఏది జరగమని, ఏది కర్ర ఇమ్మని, ఏది సిగ్గులేదా అని మాకు వేరువేరుగా తెలిసేది.

ఆ జాగ్రత్త ఎక్కడి నుంచి వచ్చిందో ఒకరోజు టీ దగ్గర చెప్పాడు. ఆయన అల్లుడు బావి మోటరు బాగుచేస్తూ కరెంటుకి పోయాడు.

"బంద్ జేసిన్రు అనుకున్నడట. ఎవలు జేసిన్రు, ఎవలూ జెయ్యలే" అన్నాడు. "బిడ్డ బీడీలు జేస్తది. మనవరాలు నర్సింగు జదువుతున్నది. గా పిల్ల చదువు ఒడిసేదాక నేనీడ ఉండాలె. ఒడిసిన తెల్లారి యల్లా, పోత. ఎవ్వలు ఆపినా ఆగ."

ఆయనకి దుబాయ్‌లో ఇంకే కోరికా ఉన్నట్టు నేను చూడలేదు. పండక్కి కొత్త చొక్కా కొనుక్కోమన్నా ఆ పిల్ల కోర్సు ఒడవనీ అనేవాడు. మనవరాలు తెల్ల కోటులో తీయించుకున్న ఫొటో ఫోన్లో పెట్టుకుని, కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చూపించేవాడు. నాకైతే లెక్కలేనన్నిసార్లు చూపించాడు. చూసినప్పుడల్లా బావుందండీ అనేదాన్ని.

కరోనాకి మాల్ మూతపడి తిరిగి తెరిచాక సగం మందిని ఇళ్ళకి పంపేశారు. మిగిలినవాళ్ళం ఇద్దరి పని ఒకరం చేశాం. కొత్త ముదీర్ వచ్చాడు, చెడ్డవాడు కాడు, కానీ ఎప్పుడూ గడియారం చూసే మనిషి. ఆ రోజుల్లోనే ఒక ఉదయం యంత్రం మీట ప్లాస్టిక్ తాడుతో పిడికి కట్టేసి కనిపించింది. కాకాకి సెలవైతే ఆ రోజు నడిపినవాళ్ళెవరో చేసిన పని. చలిలో అంతసేపు మీట నొక్కి పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. కట్టేస్తే హాయి. కానీ కాలు జారి పడినా, చెయ్యి లోపలికి పోయినా యంత్రం ఆగదు. కాకా ఆ తాడు కోసి, కౌంటర్ దగ్గరికి తెచ్చి నా ముందు పెట్టాడు. "ఎవడో సావబోతున్నడు బిడ్డా" అన్నాడు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. తర్వాత కూడా ఒకటి రెండుసార్లు కట్టినట్టున్నారు. ఆయన కోస్తూనే ఉన్నాడు.

మరుసటి చలికాలానికి నా కౌంటర్‌లో ఒక వింత మొదలైంది. కోట్ల టోపీలకి ఉండే తాళ్ళు మాయమవుతున్నాయి. పిల్లలు పీకేస్తున్నారనుకుని, కోటు ఇచ్చేటప్పుడే తల్లులకి చెప్పడం మొదలుపెట్టాను. ఇద్దరు ముగ్గురు తల్లులతో గొడవ కూడా పడ్డాను.

ఒకరోజు పొద్దున్నే తడి తొడుగులు ఏరుకుందామని తలుపులు తెరవకముందే హాల్లోకి వెళ్ళాను. కాకా అటు తిరిగి యంత్రం వెనక నడుస్తున్నాడు. మీట మీద ఆయన వేళ్ళు లేవు. మీటను పిడికి కలిపి నీలం తాడు చుట్టి ఉంది. నా కోటు తాడు.

నన్ను చూసి నిలబడ్డాడు. తాడు విప్పబోయాడు, ముడి పట్టు దొరకలేదు. యంత్రం తిరుగుతూనే ఉంది. నేను వెళ్ళి తాళంచెవి పీకాను. పీకి ఏం చెయ్యాలో తోచక నా పళ్ళ మధ్యే పెట్టుకున్నాను. ఆయన తొడుగు తీసి చెయ్యి చూపించాడు. వేళ్ళు గోళ్ళ దాకా సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి.

"పట్టు ఒస్తలేదు బిడ్డా" అన్నాడు. "ఏండ్ల సంది గీ చలి, గీ అదురు. గివి నా ఏళ్ళు గానట్టే ఉన్నయి. అన్నం కలుపుకుంటె వేడో చల్లనో తెలుస్తలేదు."

"డాక్టరుకి చూపించుకోండి కాకా."

"చూపిస్తే పనికి రాడని రాస్తడు. రాస్తే ఖలాస్, టికెట్ చేతుల పెడ్తరు. పిల్లకింక ఒక్క ఏడున్నది. గా ఒక్క ఏడు గడవనీ."

"మీట కట్టినోడు చస్తాడని మీరే అన్నారు కదండీ."

"అన్న" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఇన్నాళ్ళూ మా ప్రాణాలు తోడేసిన మనిషి, తన చేతిని ఒక చిన్నపిల్ల పరీక్షలకి పందెం కాస్తున్నాడు. కత్తెర తెచ్చి ఆ తాడు నేనే కోశాను. మరి మంచు ఎవరు తోస్తారు? తలుపులు తెరిచే వేళవుతోంది. ఆయన పక్కన నిలబడి మీట నేను నొక్కి పట్టుకున్నాను. నడకా, గొట్టం తిప్పడమూ ఆయనవి. "ఇద్దరు పట్టద్దని బుక్కుల ఉన్నది" అన్నాడు. "బుక్కులో చాలా ఉన్నాయండీ, నడవండి" అన్నాను.

ఆ చలికాలమంతా అలాగే నడిచింది. తడి తొడుగుల వంక పెట్టుకుని రోజూ ముందే లోపలికి వెళ్ళేదాన్ని. కాకా అడుగులు చిన్నవి, నావి పెద్దవి. మొదట్లో ఇద్దరం గుద్దుకునేవాళ్ళం, తర్వాత కుదిరింది. తాళంచెవి ఆయన నోట్లోకి వెళ్ళినప్పుడల్లా నేను రెండు చేతులూ పైకెత్తి దూరంగా జరగాలి. అప్పటికి మేం చేస్తున్నది మంచిపనే అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను, అది దేనికీ పనికిరాకపోయినా.

ముదీర్ ఒకరోజు తొందరగా వచ్చాడు. ఒక యంత్రం వెనక ఇద్దరు మనుషుల్ని చూసి కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆయనది హైదరాబాద్ కాదు, అసలు మన దేశమే కాదు, అయినా హిందీ వచ్చు. నన్ను పక్కకి జరగమని, "కాకా, అకేలే చలావ్" అన్నాడు, ఒక్కడివే నడిపి చూపించమని.

కాకా మీట మీద చెయ్యి వేసి నొక్కాడు. యంత్రం కదిలింది. రెండడుగులు వేసేలోగా వేళ్ళు జారాయి, మీట పైకి లేచింది, యంత్రం ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. ఈసారి అరచేత్తో, తర్వాత మోచేత్తో. ప్రతిసారీ అది ఆగిపోయింది. ఆగడానికే దాన్ని అలా చేశారు కదా. నేను చూడలేక అద్దం అవతలికి చూశాను. కాఫీ షాపు అమ్మాయి కుర్చీలు సర్దుతూ మావైపు చెయ్యి ఊపింది.

ముదీర్ అరవలేదు. ఈ చేతితో ఈ పని చెయ్యనిస్తే, రేపు ఏమన్నా అయితే నీ ఇంటివాళ్ళకి నేనేం చెప్పుకోవాలి అని మెల్లగా అడిగాడు. కాకా ఇంకో పని ఇమ్మన్నాడు. బూట్లు తుడుస్తానన్నాడు, గేటు దగ్గర నిలబడతానన్నాడు. ఆ చోట్లు పైవాళ్ళు ఎప్పుడో తీసేశారని ముదీర్ అన్నాడు. అదీ నిజమే. నేను మధ్యలో వెళ్ళి, రోజూ నేను పట్టుకుంటాను సార్, ఒక్క ఏడాదే అన్నాను. ఆయన నావైపు చూసి, పుస్తకంలో ఒక్కరే నడపాలని ఉంది కదా అన్నాడు.

సాయంత్రం బస్సు దగ్గర కాకా మీద జాలితో ముదీర్‌ని నాలుగు తిట్టాను. ఆయన వద్దన్నాడు.

"ఆయనన్నది తప్పు గాదు బిడ్డా. ఆయన జాగల నేనున్నా గదే అందు" అన్నాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తిట్టుకోవడానికి ఒక మనిషైనా మిగల్లేదు ఆయనకి.

డాక్టరు రాశాడు, వీసా రద్దయింది. బయల్దేరే రోజు నేను ఎయిర్‌పోర్టుకి వెళ్ళాను. పెట్టె పిడి చేతికి నిలవక దాన్ని ముంజేతికి తగిలించుకుని లాక్కుంటూ లోపలికి వెళ్ళాడు. పిల్ల చదువు సంగతి ఏం చేస్తారని అడిగితే, "చూద్దాం తియ్యి, ఏదో ఒకటి చేస్త. మేకలన్నా కాస్త" అన్నాడు. పలుపు పట్టుకోలేని మనిషి మేకల్ని ఎలా కాస్తాడో నేను అడగలేదు. తర్వాత ఈ కొన్ని నెలల్లో అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. ఎప్పుడు చేసినా ఒకటే మాట, పిల్ల రోజూ కాలేజీకి పోతోంది, దేవుడి దయ అని. ఆ మాట వింటే నాకూ కొంచెం ప్రాణం కుదుటపడేది.

నేపాలీ తమ్ముడు చెప్పిన మర్నాడు ఆయన నంబరుకి చేశాను. మనవరాలు ఎత్తింది. ఫలానా అని చెప్పగానే "కోట్ల అక్కనా" అంది. నిద్రలోనే పోయాడట. ఏ బాధా పడలేదంది.

పలకరింపు మాటలు అయిపోయాక, చదువు ఎంతవరకు వచ్చిందమ్మా అని అడిగాను. ఏదో ఒకటి అడగాలి కదా అని అడిగాను.

"బందు పెట్టినక్కా. తాత ఒచ్చిన నెలకే బందు పెట్టిన."

"మరి రోజూ కాలేజీకి వెళ్తున్నావని తాత చెప్పేవారు."

"తాతకు తెల్వదు. తెల్ల కోటు ఏసుకుని పొద్దుగాల పోతుంటి. బస్టాండుకాడ ఇప్పి సంచిల పెట్టి, బట్టల దుకాణంల పనికి పోతుంటి. పొద్దూకి ఒచ్చి ఆయినకు బీపీ చూస్తుంటి. గా మిషన్ ఒక్కటి కొనుక్కున్న. చూసి రాసి పెడ్తుంటె మస్తు సంబురపడేటోడు."

అవతల బీడీల కత్తెర చప్పుడు వినబడుతోంది, వాళ్ళమ్మ పని చేసుకుంటున్నట్టుంది.

"అక్కా, ఒక్క మాట అడుగుత" అంది ఆ పిల్ల. "తాత జేసిన పనికి ఆడోళ్ళను తీసుకుంటరా? నేను జల్ది నేర్సుకుంట."

మా హాలులో ఇప్పుడు ఆ యంత్రం నడుపుతున్నది ఇథియోపియా అమ్మాయి. తీసుకోరమ్మా అని చెప్పాను. మగవాళ్ళనే తీసుకుంటారు అని మళ్ళీ చెప్పాను.

"మంచిదక్కా" అంది. "ఇండ్లల్ల పనైనా సరే. జర చూడు" అంది.